జనం లేకపోతే ప్రమాదం లేనట్టేనా?

సంపాదకుడు గారికి,

అండమాన్ దీవుల్లోని బారెన్ ద్వీపంలో అగ్నిపర్వతం 2025 సెప్టెంబరులో మళ్లీ రాజుకుందని మీరు వేసిన వార్త చివరి వాక్యం చూసి ఊరుకోలేక రాస్తున్నాను. జనావాసాలు లేవు కనుక ప్రమాదమేమీ లేదని అధికారులు సెలవిచ్చారట, మీరూ అలాగే అచ్చువేశారు. దీవి మీద మనుషులు లేని మాట నిజమే, ఉన్నవి మేకలు. మరి చుట్టూ ఉన్న అండమాన్ సముద్రం సంగతి?

ఓడ ఇంజను గదిలో పనిచేసి రిటైరైనవాణ్ణి. పోర్టు బ్లెయిర్‌కు ఈశాన్యంగా సుమారు 140 కిలోమీటర్ల దూరాన ఉన్న ఈ దీవిలో మనకు కనిపించేది కొండ కొన మాత్రమే. నీటిపైన దాదాపు 350 మీటర్లయితే, నీటి కింద రెండు కిలోమీటర్లకు పైగా ఉంది. ఒడ్డు నిట్టనిలువుగా దిగిపోతుంది. ఇంజను మొరాయించిన ఓడ లంగరు వేసి ఆగుదామన్నా అడుగు అందదు. ఇక గాలి ఎటు నెడితే అటే, నల్లటి లావా రాళ్ల మీదికైనా సరే. తలదాచుకోవడానికి రేవు లేదు. దారి చూపేందుకు నిలబెట్టిన దీపస్తంభాన్ని ఆ అగ్నిపర్వతమే మింగేసింది.

ఇక బూడిద. పొయ్యిలో బూడిదలా ఉఫ్‌మని ఊదితే పోయేది కాదది, పొడి అయిన రాయి, గాజు. ఇంజను పీల్చే గాలిలో కలిసిందంటే ముందు ఫిల్టర్లు పూడుకుపోతాయి, తర్వాత ఇంజనులోకి గాలిని తోసే టర్బోచార్జర్ రెక్కలు అరిగిపోతాయి. ఆ తర్వాత పైన చెప్పిన లంగరు కథే.

నూరేళ్లకు పైగా నిద్రపోయి 1991లో లేచిన కొండ ఇది. 2005లో, 2017లో మళ్లీ లేచింది. ఇప్పుడేమో దీన్ని చూపిస్తామని పర్యాటకులను ఓడ ఎక్కిస్తున్నారు. దిగనివ్వరు, చుట్టూ తిప్పి తెస్తారు. తిప్పండి, కాదనను. ఏ గాలికి ఎంత దూరంలో ఉండాలో టికెట్టు కొన్నవాడికి ఒక్కరైనా చెప్పారా?

పోర్టు బ్లెయిర్ జంగ్లీఘాట్‌లో చేపల వేట సాగించేవారిలో మన ఉత్తరాంధ్ర నుంచి వలస వెళ్లిన కుటుంబాలు ఎన్నో. వాళ్ల బంధువులు విశాఖలో ఓడ కోసం పడిగాపులు కాస్తారు, ఎప్పుడు బయలుదేరుతుందో అడిగితే కౌంటరులో ఉన్నాయన పైకి చూస్తాడు. పోర్టు బ్లెయిర్ పేరు శ్రీ విజయపురంగా మార్చడానికి 2024లో ఒక్క ప్రకటన సరిపోయింది. ఓడల రాకపోకల పట్టికకు మాత్రం అంత అదృష్టం పట్టలేదు. పేర్లు మార్చినంత సులువుగా పనులూ జరిగితే ఈ ఉత్తరం రాసే అవసరమే ఉండేది కాదు.

ఈసారి కొండ నిప్పులు కక్కినప్పుడు నౌకాదళం వీడియోతో సరిపెట్టకండి. ఓడలను, మరబోట్లను ఎంత దూరంలో ఉండమన్నారో అడిగి వేయండి. ఏమీ చెప్పలేదంటే, చెప్పలేదనే వేయండి.

– ఒక విశ్రాంత నౌకా ఉద్యోగి, విశాఖపట్నం