కారు దిగకు చిన్నీ

చిన్నీ,

విండ్‌హుక్‌లో బయల్దేరగానే ఫోన్ చేస్తానన్నావు, ఇంకా చెయ్యలేదు. నమీబియాలోని ఆ ఎటోషా జంతువుల పార్కులో క్యాంపులు దాటితే సిగ్నల్ సరిగా అందదని సర్దిచెప్పుకుంటున్నాను. కిందటిసారి నువ్వు కారు దిగి ఏనుగు కనపడేలా ఫొటో తీయించుకున్నావని శారదత్త అంటోంది. నిజమేనా?

సరే, జంతువుల మాట. జూలైలో నీళ్లుండేది గుంటల్లోనే కాబట్టి రోజంతా తిరక్కండి. నెబ్రౌనీ గుంట దగ్గరో రీట్‌ఫొంటెయిన్ గుంట దగ్గరో రెండు గంటలు కదలకుండా కూర్చోండి. జీబ్రాలు నీళ్ల దాకా రాకుండా దూరంగా ఆగి ఒకవైపే చూస్తుంటే, అక్కడ గడ్డిలో సింహం ఉన్నట్టే. ఒకౌకుయో క్యాంపు గుంటకి రాత్రంతా లైట్లుంటాయి, చీకటి పడ్డాక నల్ల ఖడ్గమృగాలు వస్తాయి. వాటికి చూపు తక్కువ, చెవులు మాత్రం పాము చెవులు. బ్యాగు జిప్పు కూడా లాగకు. రాత్రి చలి సున్నా దాకా దిగుతుంది, బుజ్జి స్వెట్టరైనా సరే వేసుకో, మంకీ క్యాప్ మర్చిపోకు.

కంకర రోడ్ల మీద మాత్రం రమణ బాబాయిలా చెయ్యకు. తారు రోడ్డు మీద పెట్టిన గాలితోనే తొంభైలో పోనిచ్చాడు. టైరు గట్టిగా ఉంటే రాళ్ల మీద ఎగురుతుంది, పదునైన రాయి తగిలితే చీలుతుంది. చీలింది. స్టెప్నీ తీస్తే అందులో గాలి లేదు. ఇంకొకళ్లు స్టెప్నీ ఇస్తే జాకీ ఇసకలో దిగబడింది, చివరికి కింద చెక్క ముక్క పెట్టి లేపారు. అదృష్టం, అది పార్కు బయట. నువ్వు గాలి 2 బార్‌కి దించు, స్టెప్నీలోనూ చూడు, చెక్క ముక్కొకటి డిక్కీలో వెయ్యి. పార్కు లోపల పరిమితి గంటకి 60 కిలోమీటర్లే. అక్కడ పంక్చరైతే దిగకు. వచ్చే కారుని ఆపి క్యాంపులో చెప్పమను. మనిషికి రోజుకి 5 లీటర్ల చొప్పున నీళ్లు పెట్టుకో, ఎంతసేపైనా కూర్చోవచ్చు.

ఏనుగు రోడ్డు మీదుంటే దూరంగా ఆగు, వెనక్కి తియ్యడానికి దారి ఉంచుకో. కణతల నుంచి మదం కారుతున్న మగ ఏనుగైతే అసలు ఆగకు, వెనక్కి వచ్చెయ్. బాత్రూముకైనా కంచె ఉన్న చోటే దిగాలి, ఫొటోకైతే అక్కడ కూడా వద్దు.

హలాలీ క్యాంపు నుంచి ఒకౌకుయో 70 కిలోమీటర్లే కదా అని ఆలస్యం చెయ్యకండి. సూర్యాస్తమయానికి క్యాంపు గేటు మూసేస్తారు. జంతువుల కోసం ఆగుతూ వస్తారు గనక మూడు గంటలు చేతిలో ఉంచుకో.

అమ్మ