టీబీ సర్వేకి పశువుల శాల కనబడదా?

సంపాదకులకు నమస్కారం.

టీబీ సర్వే మీద పోయిన వారం మీ జిల్లా పేజీలో వార్త వచ్చింది. పశువుల ఊసు ఎవరైనా ఎత్తుతారేమోనని నాలుగు రోజులు చూశాను, ఎవరూ ఎత్తలేదు. ఇంటింటికీ తిరిగి దగ్గున్నవాళ్ల కళ్లె తీసుకుంటున్నారు, ఎక్స్‌రే తీస్తున్నారు, సంతోషం. అదే ఇంటి వెనక కట్టేసిన ఆవు నెలల తరబడి దగ్గుతూ చిక్కిపోతుంటే అది ఏ రిజిస్టరులోకీ ఎక్కదు. ఆరోగ్య శాఖేమో పశువులు మా పని కాదంటుంది, పశువైద్యులకేమో ఇంట్లో రోగి ఉన్న సంగతే తెలియదు.

క్షయ పశువు నుంచి మనిషికి వస్తుంది, మనిషి నుంచి పశువుకూ పోతుంది. ఈ రెండోది చెబితే చాలామంది నమ్మరు. మందులు మధ్యలో మానేసిన మనిషి శాలలోనే పడుకుని, మేత పక్కనే ఉమ్మేస్తే ఆవుకు అంటదా? పాల విషయంలో భయపెట్టడం నా ఉద్దేశం కాదు. పొంగు వచ్చేదాకా కాచిన పాలలో ఈ క్రిమి బతకదు. డెయిరీలో 72 డిగ్రీల వద్ద 15 సెకన్లు వేడిచేస్తే చస్తుంది. ప్రమాదమల్లా, బలమని పిల్లలకు పట్టించే గుమ్మపాలతో, పచ్చిపాలతో కలిపే పంచామృతంతో. అంతకంటే ఎక్కువగా, గాలాడని రేకుల షెడ్డులో పూటపూటా పాలు పితికే మనిషికి శ్వాస ద్వారా.

పశువుకు చేసే పరీక్ష ఏమంత కష్టమైనది కాదు, కానీ సగం సగం చేస్తే దండగ. మెడ మీద వెంట్రుకలు కత్తిరించి, చర్మం మడతను కాలిపర్స్ అనే మందం కొలిచే పరికరంతో కొలిచి రాసుకోవాలి. క్షయ క్రిమి నుంచి తీసిన ట్యుబర్కులిన్ అనే పరీక్ష ద్రవాన్ని 0.1 మిల్లీలీటరు చర్మం పొరలోకే ఎక్కించాలి, కండలోకి దిగితే పరీక్ష పోయినట్టే. సరిగ్గా 72 గంటలకు మళ్లీ అక్కడే కొలవాలి. మందం 4 మిల్లీమీటర్లు, అంతకు మించి పెరిగితే రోగం ఉన్నట్టు లెక్క. 2 లోపు అయితే లేదు. మధ్యలో ఉంటే కనీసం 42 రోజులు ఆగి మళ్లీ చేయాలి. మర్నాడే వచ్చి చేత్తో తడిమి 'బాగానే ఉంది' అని వెళితే అది పరీక్షే కాదు. కొత్తగా ఈనిన ఆవులోనూ, రోగం బాగా ముదిరిన దానిలోనూ వాపు రాకపోవచ్చు. నేలలో ఉండే వేరే క్రిముల వల్ల ఉత్తుత్తి వాపు కూడా వస్తుంది. అందుకే అనుమానమున్న చోట పక్షుల క్షయ క్రిమి నుంచి తీసిన ట్యుబర్కులిన్ కూడా పక్కన వేసి రెండు వాపులనూ పోల్చాలి.

ఇక ఆసుపత్రి సంగతి. కళ్లెను పరీక్షించే ట్రూనాట్, సీబీనాట్ యంత్రాలు క్షయ ఉందని చెబుతాయి గానీ అది మనిషి రకమో, పశువు రకం బోవిసో చెప్పవు. బోవిస్‌కు పైరజినమైడ్ అనే మందు పనిచేయదు. మొదటి రెండు నెలలు వేసే నాలుగు మందుల్లో ఒకటి వృథా అవుతోందని డాక్టరుకే తెలియదన్నమాట. మెడ గ్రంథులు వాచిన గండమాల, పేగుల క్షయ వచ్చిన పిల్లల విషయంలోనైనా 'ఇంట్లో పశువులున్నాయా? పచ్చిపాలు తాగుతారా?' అని అడగాలి. రెండు ప్రశ్నలకు నిధులు కావాలా?

2009 నాటి పశువుల అంటువ్యాధుల చట్టం పట్టికలో పశువుల క్షయ కూడా ఉంది. అనుమానం వస్తే యజమాని తెలియజేయాలని ఆ చట్టమే చెబుతోంది. తెలియజేస్తే ఏమవుతుంది? ఆవుకు క్షయ ఉందని నిరూపణ అయిందంటే దానికి దారేంటో, పరిహారమెంతో చెప్పేవాడు లేడు. రైతు భయపడి సంతకు తోలేస్తాడు, రోగం ఇంకో ఊరికి పోతుంది. రైతునేం అనగలం? మాటకొస్తే మా విశాఖలో పశువులను పట్టించుకున్నదెవరు? మధురవాడ నుంచి గాజువాక దాకా నడిరోడ్డు మీద ఆవులే. అవి ఎవరివో, ఏ రోగంతో ఉన్నాయో, సాయంత్రం ఎవరి ఇంట్లో పాలిస్తాయో ఎవరికీ పట్టదు. సింహాద్రి అప్పన్నకు మొక్కుకుని తెచ్చే కోడెదూడలు ఎన్ని ఊళ్ల నుంచి వస్తాయి! కొత్తవాటిని కొన్నాళ్లు విడిగా కట్టకుండా పాతవాటితో ఒకే కుడితి తొట్టి దగ్గర వదిలేస్తే ఎక్కడైనా ప్రమాదమే. బందెలదొడ్డికి తోలే పశువులైనా అంతే.

కలెక్టరుగారు ఒక పని చేయించాలి. ఈ ఏడాది టీబీ అని తేలిన వాళ్లలో పశువులున్న ఇళ్ల జాబితాను ఆరోగ్య శాఖ పశువైద్యులకు ఇవ్వాలి. ఆ ఇళ్ల పశువులకు కాలిపర్స్‌తో పరీక్ష చేసి, 72 గంటల కొలతతో సహా ఫలితాలు మీ పత్రికలో వేయించాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
గోపాలపట్నం, విశాఖపట్నం