కలెక్టర్ గారూ, మా కాకిబంగారానికి ఒక గది ఇప్పించండి

నెల్లూరు జిల్లా కలెక్టర్ గారికి నమస్కారం.

మాది సైదాపురం మండలం. ప్రస్తుతం ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో ఎమ్మెస్సీ చదువుతున్నాను. లోను గురించో వీసా గురించో రాస్తున్నానని అనుకోకండి. కాకిబంగారాన్నీ, అంటే అభ్రకాన్నీ, ఆ పని చేసినవాళ్ళనీ గుర్తుపెట్టుకోవడానికి మా జిల్లాలో ఒక గది కావాలి. ఎందుకో చెప్పాలంటే ముందు ఒక శనివారం సంగతి చెప్పాలి.

లండన్‌లో సౌత్ కెన్సింగ్టన్ అనే చోట సైన్స్ మ్యూజియం ఉంది. లోపలికి వెళ్ళడానికి డబ్బు కట్టక్కర్లేదు. నెలాఖరుకు పౌండ్లు లెక్కపెట్టుకునే మాలాంటి వాళ్ళకు అంతకన్నా ఏం కావాలి? తెల్లారుజామునే బస్సెక్కి, డబ్బాలో పులిహోర పెట్టుకుని, నేనూ నా రూమ్మేటూ వెళ్ళాం. ఆమెది ఒంగోలు. తమ చీమకుర్తి గ్రానైటు రాయి ఎక్కడైనా పరిచారేమోనని సగం దూరం నేల చూస్తూనే నడిచింది.

1788 నాటి బౌల్టన్-వాట్ ఆవిరి ఇంజను చూశాం. 1969లో చంద్రుడి దాకా వెళ్ళి, దిగకుండా చుట్టూ తిరిగి వచ్చిన అపోలో 10 వాహనం చూశాం. దాని అడుగు మాడిన పెనంలా ఉంది. చుట్టూ ఒకటే జనం. మాకు రాకెట్లు మరీ అంత కొత్త కాదు లెండి. శ్రీహరికోటలో వదిలితే మా మిద్దె మీద నుంచి కనపడుతుంది. మా అవ్వ గిన్నెలు తోముతూ ఒకసారి తలెత్తి చూసి మళ్ళీ పనిలో పడిపోతుంది.

నేను ఆగిపోయింది పై అంతస్తులో, టెలిగ్రాఫు, టెలిఫోను, రేడియో సామాను పెట్టిన హాల్లో. అద్దాల బీరువాలో ఒక పాత రేడియో వాల్వు ఉంది. చిన్న గాజు బుడ్డి, లోపల సన్నని తీగలు. ఆ తీగలు ఒకదానికొకటి తగలకుండా పైనా కిందా రెండు బిళ్ళలు పట్టుకుని ఉన్నాయి. కాగితమంత పలచన, అద్దంలా మెరుపు, అంచు దగ్గర పొర కొంచెం లేచింది. ఆ లేచిన పొర నాకు తెలుసు. చిన్నప్పుడు మా ఇంటి వెనక మట్టిలో ఏరుకుని గోటితో ఒలిచేదాన్ని. అభ్రకం. మా ఊళ్ళో మైకా అంటారు, పెద్దవాళ్ళు కాకిబంగారం అంటారు.

అది నెల్లూరుదేనని నేను చెప్పను. బీహారుదో బ్రెజిల్‌దో కావచ్చు. కానీ బ్రిటిష్ కాలంలో అప్పటి బీహారులోని కోడర్మా తర్వాత చెప్పుకునేది మన గూడూరు, రాపూరు, ఆత్మకూరు, కావలి ప్రాంతాల అభ్రకాన్నే. మన దాంట్లో లేత ఆకుపచ్చ ఛాయ ఉండేది. వేడికి కాలదు, కరెంటును పోనివ్వదు, ఎంత పలచగానైనా చీలుతుంది. అందుకే వాల్వుల్లో, మోటార్లలో, ఇస్త్రీ పెట్టెల్లో అదే వేసేవారు. ట్రాన్సిస్టర్లు వచ్చి వాల్వులు పోయాయి, మన మైకా షెడ్లు కూడా ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఇప్పుడు మా రోడ్డు మీద తిరిగేవి క్వార్ట్జ్, అంటే పలుగురాయి లారీలు.

మా అవ్వ ఆ షెడ్లలో పని చేసింది. కూలి ఎంతో అడిగితే నవ్వుతుంది. అభ్రకం ముద్ద అంచున కత్తి మొన గుచ్చి, కాస్త తిప్పి, పొర ఊడదీసి, మచ్చ ఉన్నచోట కత్తెరతో తీసేసేది. మందం చూడ్డానికి కొలబద్ద లేదు, బొటనవేలే. సాయంత్రం ఇంటికొస్తే తలంతా మెరుస్తుండేదట, తాతయ్య ఎగతాళి చేసేవాడట. ఆ మెరుపు ఊరికే రాలేదు. గనుల్లో దిగిన మగవాళ్ళలో చాలామంది దగ్గి దగ్గి పోయారని కూడా అవ్వే చెప్పింది. ఎవరి రికార్డులో ఏం రాశారో నాకు తెలియదు.

అదే హాల్లో ఎన్‌ఫీల్డ్ టెలిఫోన్ ఎక్స్ఛేంజీ బోర్డు ఒక ముక్క ఉంది. లండన్‌లో ఆడవాళ్ళు చేత్తో తీగలు గుచ్చి ఫోన్లు కలిపిన ఆఖరి ఎక్స్ఛేంజీల్లో ఒకటి అది, 1960లో మూతపడింది. బోర్డుతో పాటు ఆ పని చేసిన ఆడవాళ్ళ కథలు కూడా చెప్పారు. కలెక్టర్ గారూ, నాకు అక్కడే కడుపు మండింది. తీగలు గుచ్చిన చేతులకు చోటుంది, పొర ఒలిచిన చేతులకు లేదు. ఆ వాల్వు పక్కన పెట్టిన చీటీలో అభ్రకం అన్న మాటే లేదు.

ఆ రాత్రి వీడియో కాల్‌లో ఫొటో చూపిస్తే అవ్వ ఏమందో తెలుసా? "ఏందిమ్మే, కాకిబంగారం చూడ్డానికి అంతదూరం పోయినావా?"

మా హైస్కూలు వాళ్ళు మమ్మల్ని తిరుపతి సైన్స్ సెంటర్‌కి తీసుకెళ్ళారు. బాగుంది, కానీ మా కాళ్ళ కింది రాయి గురించి మాకు ఎవరూ చెప్పలేదు. నేను అడిగేది కోట్ల భవనం కాదు, దయచేసి శంకుస్థాపన ఫలకంతో మొదలుపెట్టకండి. మూతపడిన షెడ్డు ఒకటో, వాడకుండా పడున్న ప్రభుత్వ గది ఒకటో చాలు. పాత కత్తులు, కత్తెరలు, తట్టలు ఇంకా ఇళ్ళల్లో అటకల మీద ఉన్నాయి, పాత ఇనుముకు పోకముందే అడిగి తెచ్చుకోవాలి. ఒక పాత వాల్వు రేడియో విప్పి పెడితే పిల్లలకు మిగతాది అర్థమైపోతుంది. గనుల దగ్గు సంగతి కూడా దాచకుండా రాయాలి. అన్నిటికన్నా ముందు, ఆ పని చేసినవాళ్ళ మాటలు రికార్డు చేయించండి. అందరూ డెబ్బై దాటినవాళ్ళే. దానికి టెండర్ అక్కర్లేదు, డిగ్రీ కాలేజీ పిల్లలు నలుగురు, ఫోన్లు ఉంటే చాలు.

సెలవులకు ఇంటికి వస్తున్నాను. ఏదో ఒక సోమవారం గ్రీవెన్స్‌కి అవ్వని వెంటబెట్టుకుని వస్తాను. ఆమె కత్తి ఇవ్వడానికి ఒప్పుకుంది. కాకపోతే మోకాళ్ళ నొప్పులు, మెట్లు ఎక్కలేదు. మీరే ఒక్క నిమిషం కిందికి దిగి రావాలి.

ఇట్లు,
సైదాపురం మండలం విద్యార్థిని,
లెస్టర్ నుంచి