లాగ్‌బుక్‌లో ఖాళీ గడిని ఖాళీగానే ఉండనివ్వండి: ఆరోగ్య శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ మంత్రిగారికి,

నమస్కారం.

నేను 1998లో జీఎన్‌ఎం నర్సింగ్ డిప్లొమా పూర్తి చేశాను. మొదట ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో, తర్వాత కాంట్రాక్టు మీద, ఆ పైన రెగ్యులర్‌గా ప్రభుత్వ ఆసుపత్రుల్లో, మొత్తం 26 ఏళ్లు వార్డుల్లో పనిచేశాను. అందులో ఎక్కువ కాలం లేబర్ రూమ్‌లోనే గడిచింది. చివర్లో హెడ్ నర్స్‌గా ఉండి, ఆరోగ్యం సహకరించక ముందుగానే రిటైరయ్యాను. నర్సింగ్ విద్యార్థులు తాము నేర్చుకున్న పనులు నమోదు చేసే లాగ్‌బుక్కుల్లో నేను పెట్టిన సంతకాలు వేలల్లో ఉంటాయి. వాటిలో చాలా వరకు నా కళ్లతో చూడని పనికి పెట్టినవి. ఈ వాక్యం కాగితం మీద పెట్టడానికి నాకు చాలా రోజులు పట్టింది.

ఎందుకు రాస్తున్నానో చెప్పాలంటే నా మొదటి ఉద్యోగంలో ఒక రాత్రి గురించి చెప్పాలి. తొమ్మిదో నెల గర్భిణిని ఆటోలో తీసుకొచ్చారు. బీపీ 180/120, ఒళ్లంతా వాపు, దారిలోనే ఒకసారి ఫిట్స్ వచ్చాయి. డాక్టర్‌గారు మాగ్‌సల్ఫ్ (ఫిట్స్ ఆపే మెగ్నీషియం సల్ఫేట్) మొదలుపెట్టమన్నారు. నా క్యుములేటివ్ రికార్డులో, అంటే అప్పటి మా లాగ్‌బుక్‌లో, ఎక్లాంప్సియా (గర్భిణికి బీపీ పెరిగి ఫిట్స్ రావడం) కేసుకి నర్సింగ్ కేర్ ఇచ్చినట్టు సంతకాలున్నాయి. నిజానికి అలాంటి కేసుని నేను గది గుమ్మం దగ్గర నిలబడి చూశానంతే. మందు డోసు పుస్తకంలో చదివింది గుర్తుంది కాబట్టి ఇచ్చేశాను. రెండో డోసు టైమ్ అయింది, సిరంజి లోడ్ చేసుకుని మంచం దగ్గరికి వెళ్లాను. అప్పుడే డ్యూటీకి వచ్చిన సీనియర్ సిస్టర్ నా చెయ్యి పట్టుకుని ఆపారు. "మోకాలు చూశావా? యూరిన్ ఎంత వచ్చింది? నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోంది?" అని అడిగారు. నేనేదీ చూడలేదు. మాగ్‌సల్ఫ్ ఒంట్లో ఎక్కువైతే ముందు మోకాలి రిఫ్లెక్స్ పోతుంది, తర్వాత ఊపిరి ఆగుతుంది. మందు బయటికి పోయేది మూత్రంలోనే. గంటకి 30 మిల్లీలీటర్లైనా రాకపోతే రెండో డోసు ఇవ్వకూడదు. విరుగుడుగా కాల్షియం గ్లూకోనేట్ పక్కనే సిద్ధంగా పెట్టుకోవాలి. ఇదంతా నేను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదే. చేతికి మాత్రం రాలేదు. ఆవిడ అరచేతి అంచుతో మోకాలి కింద తట్టి చూపించారు. కాలు కొద్దిగా ఎగిరింది. ఆ తల్లీ బిడ్డా క్షేమంగా ఇంటికి వెళ్లారు. సిస్టర్ పది నిమిషాలు ఆలస్యంగా వచ్చి ఉంటే అన్న ఆలోచన మాత్రం నన్ను ఇప్పటికీ వదల్లేదు.

ఆ రోజు నా రికార్డు పూర్తిగా నిండి ఉంది సార్. ఒక్క గడి కూడా ఖాళీ లేదు.

ఇప్పటి లాగ్‌బుక్ అప్పటి మా రికార్డు కంటే చాలా మంచిది. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ 2021లో గెజిట్‌లో ప్రకటించిన బీఎస్సీ నర్సింగ్ సిలబస్‌లో దాన్ని శ్రద్ధగా తయారుచేశారు. ప్రతి పనికీ ఒక వరుస ఉంటుంది. విద్యార్థి తానే చేసిందా, సాయం చేసిందా, చూసిందా అన్నది విడివిడిగా రాయాలి. స్కిల్ ల్యాబ్‌లో బొమ్మ మీద చేసిన తేదీ వేరు, వార్డులో చేసిన తేదీ వేరు. అన్నిటికంటే ముఖ్యమైనది సంతకం పెట్టేవాళ్లకి ఇచ్చిన సూచన. మూడో స్థాయికి వచ్చాకే సంతకం పెట్టాలని అందులో ఉంది. పక్కన ఎవరూ లేకుండా చేయగలిగితే మూడో స్థాయి. ఎవరైనా పక్కనుంటే చేయగలిగితే రెండోది. పక్కన ఉన్నా చేయలేకపోతే మొదటిది. ఈ మూడు మాటలు అమలైతే చాలు, నాకు ఇంకే సంస్కరణా అక్కర్లేదు అనిపిస్తుంది.

అమలు ఎలా ఉందో చెప్తాను. పోస్టింగ్ చివరి రోజు మధ్యాహ్నం పన్నెండున్నరకి పదిహేను మంది పిల్లలు లాగ్‌బుక్కులు చేత్తో పట్టుకుని నర్సింగ్ స్టేషన్ చుట్టూ నిలబడతారు. ఒంటిగంటకి కాలేజీ బస్సు. ఒకే పెన్నుతో, ఒకే విడతలో, ఐదు వేర్వేరు తేదీలు వేసి ఉంటాయి. "మేడమ్, సంతకం లేకపోతే ఇంటర్నల్ మార్కులు వేయరు మేడమ్" అంటారు. కొందరికి హాల్ టికెట్ టెన్షన్. అబద్ధం రాయాలన్న కోరిక ఆ పిల్లల్లో ఎవరికీ లేదు. ఖాళీ గడి కనిపిస్తే కాలేజీలో తిట్లు పడతాయి, నిండిన గడిని ఎవరూ ఏమీ అడగరు. నేనూ తల వంచుకుని సంతకాలు పెట్టాను. నాకు అటు పక్క రెండు సెలైన్లు మార్చాల్సి ఉండేది, ఒక పేషెంట్‌ని ఓటీకి పంపాల్సి ఉండేది.

కాన్పుల లెక్క ఒక్కటి చూడండి. నేను చదివిన రోజుల్లో ఒక్కో విద్యార్థి 20 సాధారణ కాన్పులు చేసినట్టు కేస్ బుక్‌లో చూపించాలి. 60 మంది బ్యాచ్‌కి 1200 కాన్పులు. ఒక ఆసుపత్రిలో నెలకి 100 సాధారణ కాన్పులు జరుగుతాయనుకుందాం, ఏడాదికి 1200. అంటే ఆ ఆసుపత్రిలో మామూలు కాన్పులో పుట్టిన ప్రతి బిడ్డా ఆ ఒక్క కాలేజీ పిల్లల చేతుల్లోనే పుట్టాలి. హౌస్ సర్జన్లూ పీజీలూ ఒక్కటి కూడా చేయకూడదు. పైగా అదే లేబర్ రూమ్‌కి మూడు నాలుగు కాలేజీల బస్సులు వస్తాయి. సిలబస్‌లో అంకె ఎంతకి మారినా ఈ ఇబ్బంది పోదు. ఎందుకంటే సాధారణ కాన్పులే తగ్గిపోతున్నాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. తెలంగాణలో అయితే 60.7 శాతం. అయినా కేస్ బుక్కులు మాత్రం ఏటా నిండుతూనే ఉన్నాయి.

ఇంకో మాట. పిల్లలు పొద్దున ఎనిమిదికి వచ్చి ఒంటిగంటకి వెళ్లిపోతారు. నొప్పులు వచ్చే తల్లులు ఆ టైమ్ చూసుకుని రారు కదా. నా సర్వీసులో నేను చేసిన కాన్పుల్లో ఎక్కువ భాగం రాత్రి పూటే. హాస్టల్ నుంచి సురక్షితంగా తీసుకొచ్చి తీసుకెళ్లే బండి ఉంటే, ట్యూటర్ ఒకరు తోడుంటే, నెలకి కొన్ని రాత్రులైనా పిల్లలు లేబర్ రూమ్‌లో ఉండగలరు. పొద్దున పది మంది ఒకే మంచం చుట్టూ మూగడం కంటే రాత్రి ఇద్దరు ఒక తల్లి పక్కన ఆరు గంటలు కూర్చుని పార్టోగ్రాఫ్ (కాన్పు ఎలా సాగుతోందో చూపే చార్ట్) వేయడంలో చదువు ఎక్కువ.

వార్డులో పిల్లలకి మేము నిజంగా అప్పజెప్పే పని ఏంటో కూడా చెప్పాలి. నలభై మందికి బీపీ చూడడం, శాంపిళ్లు ల్యాబ్‌కి పట్టుకెళ్లడం, బెడ్‌షీట్లు వేయడం. అవి నేర్చుకోకూడనివి అనట్లేదు. మొదటి వారంలో అవి చేయాల్సిందే. మూడేళ్లూ అవే చేస్తేనే బాధ. బీపీ అయినా చెవిలో చప్పుడు సరిగ్గా విన్నారో లేదో పక్కన స్టెతస్కోప్ పెట్టి చూసేవాళ్లుండరు. షీట్ మీద అందరికీ 120/80 పడుతుంది. ఇన్సులిన్ సంగతి మరీ భయం. మన ఆసుపత్రుల్లో వయల్స్ (మందు సీసాలు) మిల్లీలీటరుకి 40 యూనిట్లవి, వాటికి ఎర్ర మూత సిరంజి. 100 యూనిట్ల సిరంజికి నారింజ రంగు మూత. తప్పు సిరంజితో తీస్తే డోసు రెండున్నర రెట్లు తేడా వస్తుంది. ఈ రెండు సిరంజిలనీ చేతిలో పెట్టి తేడా చూపించమంటే తడబడిన ఫైనలియర్ విద్యార్థుల్ని చూశాను. వాళ్ల లాగ్‌బుక్‌లో ఇన్సులిన్ ఇవ్వడం అన్న వరుసకి సంతకం ఉంది.

అలాగని పిల్లల్లో ఆశ లేదనుకోకండి. ఒకసారి మెడికల్ వార్డులో డెబ్బై దాటిన ఒక అమ్మమ్మకి ఐవీ కాన్యులా (నరంలోకి మందు ఎక్కించే సన్నటి గొట్టం) పెట్టాలి. థర్డియర్ అమ్మాయిని నేను పక్కనుండి చేయమన్నాను. "ఈ అమ్మాయి స్టూడెంట్, నేనూ ఇక్కడే ఉంటాను, మీకు సరేనా అమ్మా" అని ముందే అడిగాను. మొదటిసారి నరం జారిపోయింది. అమ్మాయి కళ్లల్లో నీళ్లు. ఆ పెద్దావిడ రెండో చెయ్యి చాపి, "ఏడవకమ్మా, ఇటు చూడు. నా మనవరాలు కూడా ఇట్టాగే నేర్చుకోవాల" అన్నారు. టోర్నికే కొంచెం పైకి కట్టించి, చర్మాన్ని కిందికి లాగి పట్టుకోమని చెప్పాను. 22 నంబర్ నీలం కాన్యులా లోపలికి వెళ్లి రక్తం కనిపించగానే ఆ పిల్ల ముఖం చూడాలి! ఆ రోజు ఆమె లాగ్‌బుక్‌లో రెండో స్థాయి అని రాసి, "మొదటిసారి విఫలం, రెండోసారి సఫలం, పర్యవేక్షణలో" అని పక్కన చేర్చి సంతకం పెట్టాను. వారం తర్వాత ట్యూటర్ దగ్గర్నుంచి ఆ పుస్తకం వెనక్కి వచ్చింది. విఫలం అన్న మాట తీసేసి, మామూలుగా సంతకం పెట్టివ్వమని కబురు. నేను పెట్టిన సంతకాలన్నిటిలో నాకు గర్వంగా అనిపించేది ఆ ఒక్కటే సార్. దాన్నే తీసేయమన్నారు.

తమరిని నేను అడిగేది ఒక్కటే. లాగ్‌బుక్‌లో ఖాళీని తప్పుగా చూడకుండా ఉత్తర్వు ఇవ్వండి. తమ శాఖా, విజయవాడలోని ఆరోగ్య విశ్వవిద్యాలయమూ, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిలూ కలిసి కూర్చుంటే ఇది పెద్ద పని కాదు. గడి ఖాళీగా ఉంటే మార్కులు కోయకూడదు, హాల్ టికెట్ ఆపకూడదు. ఏ పని రాలేదో చూసి ఆ విద్యార్థికి ఆ వార్డులో ఇంకో రెండు వారాల పోస్టింగ్ ఇవ్వాలి. ఒకే కాలేజీలో అరవై మందికీ ఒకే గడి ఖాళీగా ఉందంటే ఆ కాలేజీకి ఆ కేసులు లేవని అర్థం. అఫిలియేషన్ పొడిగించే ముందు తనిఖీకి వచ్చినవాళ్లు భవనం కొలతలు చూసినట్టే లేబర్ రూమ్ రిజిస్టర్ తెరిచి, కేస్ బుక్కుల్లో ఉన్న కాన్పుల మొత్తంతో పోల్చి చూడాలి. అరగంట పని. సీట్ల సంఖ్యని ఆ లెక్కే తేల్చాలి.

సంతకం పెట్టేది ఆ పని కళ్లారా చూసిన మనిషే, ఆ రోజే అయితే మిగతాదంతా దానంతటదే సర్దుకుంటుంది. అందుకు వార్డు నర్స్‌కి టైమ్ కావాలి. రాత్రి నలభై మంది పేషెంట్లకి ఒక్క సిస్టర్ ఉన్న చోట నేర్పమని అడగడం న్యాయం కాదు. ప్రతి టీచింగ్ వార్డులో షిఫ్టుకి ఒక నర్స్‌ని పిల్లల కోసం కేటాయించి, ఆమె చూసే పేషెంట్ల సంఖ్య తగ్గించాలి. ఆ పనిని సర్వీస్ రికార్డులో రాయాలి, ప్రమోషన్లలో లెక్కించాలి. ఇప్పుడు నేర్పడం అన్నది మంచి మనసున్న సిస్టర్లు టీ టైమ్ వదులుకుని చేసే పని. తెలంగాణలో 2017లో ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యూనిసెఫ్‌లతో కలిసి స్టాఫ్ నర్సులకి ఏడాదిన్నర మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టారు. లేబర్ రూమ్‌లో పక్కన నిలబడి నేర్పించే పద్ధతి కొత్తేం కాదు, పొరుగు రాష్ట్రంలోనే ఉంది.

మన పిల్లలు ఎందరో బ్రిటన్ వెళ్తున్నారు. అక్కడ నర్సింగ్ విద్యార్థికి 2300 గంటల ప్రాక్టీసు తప్పనిసరి. రోజూ పక్కనుండి నేర్పే నర్స్ వేరు, చివర్లో పని వచ్చిందో లేదో తేల్చే నర్స్ వేరు. నేర్పినవాళ్లే మార్కులు వేస్తే జాలి అడ్డొస్తుందని అలా విడదీశారు. మన దగ్గర డిగ్రీ చేతికొచ్చాక అక్కడ ఓస్కీ పరీక్షకి (పని చేయించి చూసే పరీక్ష) వెళ్లి, టెన్షన్ మధ్య మళ్లీ మొదటి నుంచి డ్రెస్సింగ్ నేర్చుకున్నానని ఒకప్పటి నా విద్యార్థిని ఫోన్‌లో చెప్పింది. విదేశం వెళ్లే పిల్లకి ఆ రెండో అవకాశం ఉంది. ఇక్కడే పీహెచ్‌సీలో చేరే పిల్లకి పేషెంటే పరీక్ష.

లాగ్‌బుక్‌ని యాప్‌లో పెడతామని కొందరు అంటున్నారు. పెట్టండి. కానీ హాస్టల్ గదిలో కూర్చుని నింపే యాప్ అయితే పుస్తకానికీ దానికీ తేడా లేదు. పేషెంట్ ఫొటోలు మాత్రం దయచేసి అడగొద్దు, ఆసుపత్రిలో చేర్చుకున్నప్పుడు ఇచ్చే ఐపీ నంబర్ చాలు. స్కిల్ ల్యాబ్ బొమ్మలు తనిఖీ రోజు తప్ప ప్లాస్టిక్ కవర్లు విప్పని చోట్లు నేను చూశాను. సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది దాకా తాళం తీసి ఉంచితే పిల్లలే వచ్చి చేసుకుంటారు. బొమ్మ చెయ్యి మీద ఇరవై సార్లు తప్పినా పర్వాలేదు.

రిటైరైన నర్సులు ప్రతి జిల్లాలోనూ ఉన్నాం. మోకాళ్ల నొప్పులున్నా చేతులింకా పనిచేస్తున్నాయి. సాయంత్రం పూట ల్యాబ్‌లో కూర్చోవడానికి మమ్మల్ని పిలవండి. నా వరకు నాకు జీతం అక్కర్లేదు, బస్సు చార్జీలు ఇస్తే చాలు. కాకినాడ అయినా, కర్నూలు అయినా వస్తాను. ఒక్క షరతు. రాని పనికి రాలేదని రాసే స్వేచ్ఛ నాకు ఇవ్వాలి.

ఇట్లు,
26 ఏళ్లు వార్డుల్లో పనిచేసి రిటైరైన ఒక హెడ్ నర్స్