మందుల షాపులో ఫార్మసిస్టు కనిపించాలి

సంపాదకులకు నమస్కారం.

మాది తణుకు దగ్గర పల్లె. ఉసులుమర్రు పచ్చళ్ల పేరు మీ పాఠకులు వినే ఉంటారు, మేమూ ఆ చుట్టుపక్కలవాళ్లమే. ఇంట్లోనే పచ్చళ్లు పెట్టి అమ్ముతాం. ఆవకాయ రోజులొస్తే పొద్దుట్నుంచి వెల్లుల్లి ఒలవడమే నా పని. నాకు చేతికి ఎగ్జిమా అనే చర్మవ్యాధి. వేళ్ల చివర్లు ఎండిపోయి, పొలుసులు లేచి, నిలువునా పగిలేవి. ఆ పగుళ్లలో ఉప్పూ కారం దిగితే ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

సలహాలకేం, వేపనూనె రాయమని ఒకరు, పసుపు పెట్టమని ఒకరు. టౌన్లో ఒక మందుల షాపుకెళ్లి చెయ్యి చూపిస్తే కౌంటర్లో కుర్రాడు ఒక్క ముక్క అడక్కుండా ట్యూబ్ తీసిచ్చాడు. రాసినన్నాళ్లూ తగ్గేది, ఆపగానే రెట్టింపయ్యేది. ఏడాది పైనే అలా కొంటూ పోయాం. చర్మం ఉల్లిపొరలా పల్చబడింది. మా మరిదికి గజ్జల్లో తామర వస్తే అతనికీ అదే ట్యూబ్ ఇచ్చారు. తొడల దాకా పాకింది.

మా ఊరి సెంటర్లో కొత్తగా పెట్టిన షాపులో బీఫార్మసీ చదివిన అమ్మాయి కూర్చుంటుంది. ఆ ట్యూబే అడిగితే ఇవ్వలేదు. “ఏదీ, రెండు చేతులూ చూపించండి పిన్నిగారూ” అంది. లైటు కింద పెట్టి చూసి, “కుడిచేతికి లేదేం?” అని అడిగింది. కత్తి కుడిచేత్తో పట్టుకుంటాను. వెల్లుల్లి రెబ్బ ఉండేది ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు మధ్య. పగిలినవి సరిగ్గా ఆ మూడే. మామిడి సొన వల్లేమో అన్నాను. “సొనైతే రెండు చేతులకీ తగులుతుంది కదండీ” అంది.

ఆ పాత ట్యూబ్ మీది సన్నక్షరాలు కూడా తనే చదివి చెప్పింది. బ్యాక్టీరియాకి ఒకటి, ఫంగస్‌కి ఒకటి, వాటితోపాటు క్లోబెటాసోల్ అనే స్టెరాయిడ్. 0.05 శాతమేగా అని తేలిగ్గా తీసుకోవద్దట, ఒక శాతం హైడ్రోకార్టిజోన్ అనే తేలికపాటి స్టెరాయిడ్ కంటే అది ఎన్నో రెట్లు ఘాటైనదట. ఇలాంటి 14 రకాల స్టెరాయిడ్ పూతమందుల్ని కేంద్ర ఆరోగ్య శాఖ 2018లోనే షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది, అంటే డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడదు. నేను వాడిన మందు పేరూ, వెల్లుల్లి సంగతీ ఒక కాగితం మీద రాసిచ్చి చర్మ డాక్టరు దగ్గరికి పంపింది. ఆయన వీపు మీద ప్యాచ్ టెస్టు, అంటే అనుమానమున్న పదార్థాల్ని పట్టీలతో అంటించి చూసే పరీక్ష, పెట్టి వెల్లుల్లికే అలర్జీ అని తేల్చారు. సీజన్లో ఒక రోజు పని పోవడమంటే మాకు మాటలు కాదు, ఆ కాగితం లేకపోతే వెళ్లేదాన్ని కాదు.

డాక్టరు రాసిన క్రీము ఎంత రాయాలో మళ్లీ ఈ అమ్మాయే చూపించింది. చూపుడువేలి కొస నుంచి మొదటి గీత దాకా ట్యూబ్ నుంచి ఒక వరస పిండితే దాదాపు అర గ్రాము. రెండు అరచేతులంత మేరకి అది సరిపోతుంది. నేనేమో తలనూనెలాగా పులుముకునేదాన్ని. చెయ్యి కడిగిన ప్రతిసారీ తడి ఆరీ ఆరకముందే మాయిశ్చరైజర్ పట్టించమంది. ఆ జిడ్డు చీర కొంగుకి తుడుచుకుని పొయ్యి దగ్గర నిలబడొద్దనీ, అందులో ఉండే పారాఫిన్ అనే మైనంలాంటి జిడ్డు ఇంకిన బట్ట ఇట్టే అంటుకుంటుందనీ కూడా చెప్పింది. వంటింట్లో బతికే వాళ్లకి ఈ మాట ఎవరు చెబుతారండీ? వెల్లుల్లి ఘాటు గ్లవ్స్‌లోంచి కూడా దిగుతుందట, అందుకని ఒలిచే పని ఇప్పుడు మా తోటికోడలిది. కలపడం, జాడీలకెత్తడం నావి. ఎగ్జిమా పూర్తిగా పోలేదు, చలికాలంలో తిరగబెడుతుంది. కానీ చేత్తో అన్నం కలుపుకు తినగలుగుతున్నాను.

1948 నాటి ఫార్మసీ చట్టం 42వ సెక్షన్ ప్రకారం డాక్టరు చీటీకి మందులివ్వాల్సింది రిజిస్టరైన ఫార్మసిస్టే. మందు ఎలా వాడాలో రోగికి చెప్పడం కూడా వాళ్ల పనేనని 2015 నిబంధనల్లో ఉంది. చాలా షాపుల్లో ఆ సర్టిఫికెట్ గోడకి వేలాడుతుంది, మనిషి కనపడడు. సర్టిఫికెట్ అద్దెకిచ్చి వేరే ఊళ్లో వేరే ఉద్యోగం చేసుకునేవాళ్లున్నారని అందరూ అనుకునే మాటే. ఔషధ నియంత్రణ శాఖ వాళ్లు తనిఖీకి వచ్చినప్పుడు బిల్లు పుస్తకాలతోపాటు, సాయంత్రం రద్దీ వేళ కౌంటర్లో ఎవరున్నారో కూడా చూడాలి. ఇలాంటి ట్యూబులు చీటీ లేకుండా ఎన్ని పోతున్నాయో లెక్క అడగాలి. ఏ షాపులో ఏ వేళకి ఫార్మసిస్టు ఉంటారో బయట బోర్డు పెట్టిస్తే, మాలాంటివాళ్లం ఆ టైముకే వెళ్తాం.

– ఒక పాఠకురాలు, తణుకు దగ్గర పల్లె నుంచి