వార్షిక నివేదిక: ఈ ఏడాది మేం వేసిన ప్రశ్నలు, మళ్ళీ వేసిన ప్రశ్నలు

సభ్యులందరికీ నమస్కారం.

వినాయక చవితి, మెడికల్ క్యాంపు, కార్తీక వనభోజనాలు, సంక్రాంతి ముగ్గుల పోటీ అన్నీ ఈసారీ జరిగాయి, బాగానే జరిగాయి, వనభోజనాల్లో పులిహోర చాల్లేదన్న మాట కూడా ఎప్పటిలాగే వచ్చింది. జమాఖర్చులు కోశాధికారి గారు విడిగా చదువుతారు. ఈ నివేదికలో ఎక్కువ చోటు కాలనీ సమస్యల సర్వేకే ఇస్తున్నాను, ఎందుకంటే కమిటీ సమయంలో సగానికి పైగా దానికే పోయింది. పైగా మొదటిసారి మేం దాన్ని పాడుచేశాం. ఆ సంగతి మీకు వేరేవాళ్ళ ద్వారా కాకుండా మా నుంచే తెలియడం మర్యాద.

కాలనీ సమస్యల మీద అర్జీ పట్టుకుని ఒక ఆఫీసుకి వెళ్తే, ఎంతమందికి ఈ ఇబ్బంది ఉందో కాగితం మీద చూపించండి అన్నారు. ఓస్ అంతే కదా అనుకుని ఒక ఆదివారం సాయంత్రం నలుగురం కూర్చుని, టీ తాగుతూ రెండు గంటల్లో 38 ప్రశ్నలు రాసేశాం. అందులో సగం నావే. ఫారం వాట్సాప్ గ్రూపులో పెట్టాం, కొన్ని జెరాక్స్ తీయించి ఆదివారం పొద్దున్న పంచాం. వచ్చిన కట్ట చూసి మాకు సంతోషం వేసింది, అందరూ దాదాపు అన్నిటికీ ఔననే టిక్ పెట్టారు.

మూడో వీధిలో మేడ మీద, కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరైన మేడమ్ ఒకరున్నారు. ఆవిడకి ఆ కట్ట ఇచ్చి, కాస్త లెక్క తీసిపెట్టండి మేడమ్ అని అడిగాను. ఆవిడ లెక్క తియ్యలేదు. ప్రశ్నలు మొత్తం చదివి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, "ఇది సర్వే కాదు బాబూ, సంతకాల సేకరణ" అన్నారు.

నాకు కాస్త కోపం వచ్చిన మాట నిజం. ఆవిడ పదకొండో ప్రశ్న పైకి చదివారు. "కాలనీ అందాన్ని చెడగొడుతూ రాకపోకలకు అడ్డుగా ఉన్న తోపుడు బళ్ళను తొలగించాలని మీరు భావిస్తున్నారా?" అందం చెడిపోవాలని, దారికి అడ్డం ఉండాలని ఎవరు చెప్తారు? ప్రశ్నలోనే తీర్పు ఇచ్చేశాక జవాబుకి మిగిలింది తల ఊపడమే. తర్వాత ఆవిడ చెప్పగా అదే సంగతి రెండు ప్రశ్నలుగా మార్చి అడిగాం. గత 7 రోజుల్లో మీ ఇంట్లో ఎవరైనా తోపుడు బండి దగ్గర కూరగాయలు గానీ పళ్ళు గానీ కొన్నారా? బళ్ళు ఎక్కడ, ఏ వేళల్లో ఉంటే మీకు వీలు? మొదటి ఫారంలో బళ్ళు తీసెయ్యాలన్న ఇళ్ళలోనే చాలావాటిలో వారం కూరలు ఆ బళ్ళ మీదవే. మా ఇల్లు కూడా.

మాట మారితే లెక్క మారుతుందని మనకే కాదు, చాలా కాలం క్రితమే తెలిసింది. ప్రజాస్వామ్యానికి వ్యతిరేకంగా ఉపన్యాసాలు అనుమతించాలా అని అమెరికాలో కొంతమందిని, నిషేధించాలా అని ఇంకొంతమందిని అడిగి, ఆ తేడాని 1941లో డొనాల్డ్ రగ్ అనే ఆయన ప్రచురించారు. అనుమతించకూడదు అనడానికి ఒప్పుకున్నంతమంది నిషేధించాలి అనడానికి ఒప్పుకోలేదు. అర్థం ఒకటే, కానీ నిషేధం అనేసరికి మనిషి ఒక అడుగు వెనక్కి వేస్తాడు. వీధికుక్కలకి తిండి పెట్టే విషయంలో మేం వేసిన ప్రశ్నలో నిషేధించకూడదు, పెట్టకూడదు రెండూ ఒకే వాక్యంలో ఉన్నాయి. దానికి ఔనంటే ఏమిటో రాసిన నాకే అర్థం కాలేదు.

కొత్త ఫారం పంచే ముందు పది ఇళ్ళలో చదివి వినిపించి చూడండి అన్నారు మేడమ్. దీనికి ఆవిడ ఒక పాత కథ చెప్పారు. స్టాటిస్టిక్స్ పండితుడు మహలనోబిస్ 1931లో కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ పెట్టాక బెంగాల్లో జనపనార పంట అంచనాలు వేసేటప్పుడు, పెద్ద సర్వేకి ముందు చిన్న చిన్న సర్వేలు చేసి, ఎక్కడ తేడా కొడుతోందో చూసుకుని గానీ ముందుకు పోలేదట. మన ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కలు చదివి, తర్వాత స్టాటిస్టిక్స్‌లో పేరు మోసిన సి.ఆర్.రావు గారు 1941లో వెళ్ళి చేరింది కూడా అక్కడికే. ఇంతటి ఊళ్ళో ఉండి మీరు టీ తాగుతూ 38 ప్రశ్నలు రాశారా అని ఒక చురక.

సరే, వెళ్ళాం. మొదటి ఇంట్లోనే తెల్లబోయాం. తాగునీటి సరఫరా సమయపాలన, నాణ్యతల పట్ల మీరు సంతృప్తిగా ఉన్నారా అని చదివాను. వరండాలో చిక్కుడుకాయలు ఒలుస్తున్న మామ్మగారు చేతిలో కాయ అలాగే పట్టుకుని నావంక చూశారు. "ఏ నీళ్ళు నాయనా, కుళాయి నీళ్ళా, టిన్ను నీళ్ళా?" కుళాయివి అన్నాను. "అవి తాగం కదా, గిన్నెలకీ బట్టలకీ. తాగడానికి టిన్ను వేయించుకుంటాం. కుళాయి టైముకే వస్తుంది, పాపం ఆ మాట చెప్పాలి. వచ్చిన మొదటి రెండు బిందెలు మాత్రం ఎర్రగా ఉంటాయి, పారబోస్తాం." ఇప్పుడు ఎక్కడ టిక్ పెట్టాలి? తాగునీరు అన్న మాట తప్పు, రెండు సంగతులు ఒక ప్రశ్నలో ఇరికించడం తప్పు, సంతృప్తి అనే మాట ఆవిడ రోజూ వాడేది కాదు. పాత ఫారంలో ఈ ఇంటి నుంచి ఔననే వచ్చింది, వాళ్ళబ్బాయి నింపాడు. ఆ ఒక్క ప్రశ్నని నాలుగు చేశాం. తాగడానికి ఏ నీళ్ళు వాడతారు, కుళాయి నిన్న ఎన్ని గంటలకి వచ్చింది, ఎంతసేపు వచ్చింది, నీళ్ళ రంగు ఎలా ఉంది.

తెలుగులో అడిగేటప్పుడు వచ్చే చిక్కులు వేరే ఉన్నాయి. మీ వీధిలో లైటు వెలగడం లేదా అని అడిగితే, వెలగని వాళ్ళూ "ఔను" అంటారు, వెలిగేవాళ్ళలోనూ కొందరు "ఔనండి, వెలుగుతోంది" అంటారు. లేదా, కాదా, రాదా అని ముగిసే ప్రశ్నలన్నీ తీసేశాం. ఇంకో చిక్కు "పర్వాలేదు" అన్న మాట. 1932లో లైకర్ట్ అనే ఆయన తెచ్చిన పద్ధతి, అదే ఐదు మెట్ల కొలత, మేమూ వాడబోయాం. మొదట మేం పెట్టిన నాలుగు మెట్లు ఇవి: చాలా బాగుంది, బాగుంది, పర్వాలేదు, బాగోలేదు. మంచి వైపు రెండున్నర, చెడు వైపు ఒకటి! ఇక పర్వాలేదు అన్న మాటకి మన దగ్గర హద్దే లేదు, ఒంట్లో జ్వరం ఉన్నా పర్వాలేదంటాం, కూతురి పెళ్ళి ఘనంగా చేసినా పర్వాలేదంటాం. దాన్ని తీసేసి మధ్యలో "బాగుందనీ చెప్పలేను, బాగోలేదనీ చెప్పలేను" అని పొడుగ్గా రాశాం, అటూ ఇటూ రెండేసి మెట్లు పెట్టాం, పక్కన విడిగా "నాకు తెలీదు" అని ఒక గడి. తెలీదనడానికి చోటు లేకపోతే జనం మొహమాటానికి ఏదో ఒకటి చెప్తారు.

చెత్త ప్రశ్న నన్ను బాగా నవ్వించింది. తడి చెత్త, పొడి చెత్త వేరు చేస్తున్నారా అంటే కాలనీ కాలనీ అంతా ఔనంది. ఆ ఫలితం చెత్త బండి తోసే అమ్మకి చెప్తే చీపురు పక్కన పెట్టి మరీ నవ్వింది. మంచి పనేనా చేస్తున్నారు అని అడిగితే ఎవరూ కాదనరు కదా. కొత్త ఫారంలో నిన్న మీ ఇంటి నుంచి చెత్త ఎన్ని బుట్టల్లో వెళ్ళింది అని అడిగాం. ఒకటి అని చాలామంది మామూలుగానే చెప్పారు, ఎవరికీ చిన్నతనం అనిపించలేదు.

జ్ఞాపకం మీద ఆధారపడే ప్రశ్నలతో జాగ్రత్త. నెలకి ఎన్నిసార్లు కరెంటు పోతుందంటే ఎవరికి గుర్తుంటుంది? ఒకేచోట వారానికెన్ని, నెలకెన్ని అని రెండు గడులు పెడదామన్నారు కోశాధికారి గారు. మేడమ్ వద్దన్నారు. కేంద్ర ప్రభుత్వపు జాతీయ నమూనా సర్వే 55వ విడతలో, అంటే 1999-2000లో, తిండి ఖర్చుని అవే ఇళ్ళలో 7 రోజులకీ 30 రోజులకీ పక్కపక్కనే అడిగారు. ఒక జవాబు రెండోదాన్ని లాగేసిందని, ఆ ఏటి పేదరికం లెక్కని పాతవాటితో పోల్చకూడదని ఆర్థికవేత్తలు ఏళ్ళ తరబడి వాదించుకున్నారు. మేం 7 రోజులతో సరిపెట్టుకున్నాం. పాత సంగతులకి మాత్రం మన ఊరి గుర్తే పనికొచ్చింది. ఈ ఇంట్లో ఎన్నేళ్ళ నుంచి ఉంటున్నారు అంటే తడుముకునేవాళ్ళు, హుద్‌హుద్‌ తుఫానుకి ముందా తర్వాతా అంటే టక్కున చెప్పేవారు. 2014 అక్టోబరు 12న ఏ ఇంట్లో ఉన్నారో, ఏ కిటికీ ఎగిరిపోయిందో విశాఖలో ఎవరూ మర్చిపోలేదు.

అన్నిటికన్నా పెద్ద తప్పు ప్రశ్నల్లో లేదు, ఎవరిని అడిగామన్న దాంట్లో ఉంది. వాట్సాప్ గ్రూపులో ఉన్నది సొంత ఇళ్ళవాళ్ళే. మేడల మీద అద్దెకుంటున్న స్టీల్ ప్లాంటు షిఫ్టుల వాళ్ళు, డాక్‌యార్డు కుర్రాళ్ళు, చదువుకునే పిల్లలు మన లెక్కలోనే లేరు. ఆదివారం పొద్దున్న తలుపు తీసింది మగవాళ్ళు, నీళ్ళు పట్టేది ఆడవాళ్ళు. 1936లో అమెరికాలో లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక దాదాపు కోటి మందికి కార్డులు పంపింది, టెలిఫోన్ డైరెక్టరీల నుంచి, కార్లున్నవాళ్ళ జాబితాల నుంచి పేర్లు తీసి. ఇరవై లక్షలకి పైగా జవాబులొచ్చాయి. ఆ ఏటి అధ్యక్ష ఎన్నికల్లో లాండన్ గెలుస్తాడంది. రూజ్వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. అంతకన్నా చాలా తక్కువమందిని అడిగిన గాలప్ అనే సర్వేల ఆయన సరిగ్గా చెప్పాడు. ఆ పత్రిక 1938 కల్లా మూతపడింది. మన సంఘం మూతపడలేదు, అదృష్టం.

అందుకని రెండోసారి సభ్యుల జాబితా పక్కన పెట్టి, గుమ్మాల లెక్కన వెళ్ళాం. పై వాటా, కింది వాటా, వెనక పోర్షను దేనికదే. సాయంత్రాలు కూడా వెళ్ళాం. నీళ్ళ ప్రశ్నలకి మాత్రం, ఇంట్లో నీళ్ళు పట్టేది ఎవరో వాళ్ళనే పిలవమన్నాం. పేరు రాయలేదు. 38 ప్రశ్నలు 14 అయ్యాయి, ఎందుకంటే ప్రతిదానికీ ఈ జవాబుతో మనమేం చేస్తాం అని మేడమ్ అడిగేవారు, చెప్పలేకపోతే కొట్టేసేవారు. జీతం ప్రశ్న అలాగే పోయింది. అది మొదటి పేజీలో ఉండేది, దాన్ని చూసే సగం తలుపులు మూసుకున్నాయి. వయసు గడుల్లో 20-30, 30-40 అని రాశాం, సరిగ్గా ముప్ఫై ఏళ్ళ అల్లుడుగారు రెండింటికీ టిక్ పెట్టారు. అదీ సరిచేశాం. జెరాక్స్ షాపు ఆయన రెండో పేజీ తలకిందులుగా కొట్టాడు, అది సరిచెయ్యలేదు, అలాగే పంచాం, డబ్బులు దండగని.

మూడుసార్లు వెళ్ళినా తాళం వేసి ఉన్న ఇళ్ళు కొన్ని మిగిలాయి. వాళ్ళ తరఫున మేం ఊహించి ఏమీ రాయలేదు, ఫలితాల కాగితం పైనే ఆ మాట పెట్టాం. ఆ కాగితం నోటీసు బోర్డు మీద ఉంది. అర్జీలో నీళ్ళ టైము గురించిన ఫిర్యాదు తీసేశాం, నీళ్ళ రంగు మొదటి అంశం అయింది. తోపుడు బళ్ళని తీసెయ్యాలన్న పాత తీర్మానం వెనక్కి తీసుకుని, కమ్యూనిటీ హాలు గోడ పక్కన సాయంత్రం వేళ చోటిద్దామని కొత్త ప్రతిపాదన పెడుతున్నాం. అధ్యక్షులవారు దీనికి ఇప్పటికీ ఒప్పుకోలేదు, సమావేశంలో ఆయన మాటా విని ఓటెయ్యండి.

సమావేశానికి వచ్చినప్పుడు మీ కుర్చీలో ఒక చిన్న కాగితం ఉంటుంది, ఐదే ప్రశ్నలు, పేరు రాయక్కర్లేదు, వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర డబ్బాలో వెయ్యండి. ఐదోది వనభోజనాల గురించి. అధ్యక్షులవారు దాన్ని "పులిహోర అందరికీ సరిపోయింది కదా?" అని రాసిచ్చారు. నేను మార్చాను.

ఇట్లు,
మీ కార్యదర్శి