ముందు లైసెన్స్, తర్వాత నోటీసు

సంపాదకుల వారికి,

అనుమతి లేని దుకాణాలపై ‘మున్సిపాలిటీ కొరడా’ అనే వార్త తరచూ చూస్తున్నాం. సీలు పడ్డ షట్టరు కొన్నాళ్లకే కోర్టు స్టేతో మళ్లీ లేవడం మాత్రం వార్త కాదు. తప్పు చాలాసార్లు నోటీసులోనే ఉంటుంది. అపార్ట్‌మెంటు స్టిల్ట్ పార్కింగునే (పిల్లర్ల మీద భవనం లేపి కింద బండ్లకు వదిలిన ఖాళీ) తీసుకోండి. రెండు పిల్లర్ల మధ్య నాలుగంగుళాల గోడ లేపి, ముందు రోలింగ్ షట్టరు బిగిస్తే దుకాణం తయారు. దానికి ‘అనధికార వినియోగం’ అని రెండు ముక్కలు రాసి గోడకు అంటిస్తే నిలవదు. మంజూరైన ప్లానులో పార్కింగు ఎన్ని చదరపు మీటర్లు, అందులో ఎంత మేర గదిగా మారింది, ఏ వైపు సెట్‌బ్యాక్ (భవనం చుట్టూ వదలాల్సిన ఖాళీ జాగా) పోయింది, ఇవన్నీ కొలతలతో రాయాలి. యజమానికీ, అద్దెకున్నవారికీ విడివిడిగా అందించాలి. లేకుంటే ‘నాకు నోటీసే రాలేదు’ అంటూ రెండోవారు కోర్టుకెక్కుతారు.

కూల్చివేతకైతే సుప్రీంకోర్టు 2024 నవంబరు 13న పద్ధతి చెప్పింది. రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు, అందిన రోజు నుంచి 15 రోజుల గడువు, విచారణ, కారణాలు చూపే తుది ఉత్తర్వు, సొంతంగా తీసేసుకోవడానికి ఇంకో 15 రోజులు, ఆపైన వీడియో తీస్తూ కూల్చడం. నోటీసు ఇవ్వగానే కలెక్టరు కార్యాలయానికి ఈమెయిల్ పంపమన్నది పాత తేదీలు వేసే అలవాటుకు విరుగుడు. రోడ్డు, ఫుట్‌పాత్, చెరువు ఆక్రమణలకు ఈ వెసులుబాటు లేదు.

అసలు చిక్కు అంతకు ముందే పడుతుంది. ఒకే ఆఫీసులో ఒక విభాగం ట్రేడ్ లైసెన్స్ ఇస్తుంది, పక్క విభాగం నోటీసు ఇస్తుంది. ఆ లైసెన్సునే దుకాణదారు కోర్టులో చూపిస్తాడు. అనధికార భవనంలో ఏ వ్యాపారానికీ లైసెన్స్ ఇవ్వొద్దనీ, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ప్లాను ప్రకారమే కట్టారు, వాడుకోవచ్చని ఇచ్చే పత్రం) చూశాకే కరెంటు, నీటి కనెక్షన్లు ఇవ్వాలనీ అదే ఏడాది డిసెంబరు 17న సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. లైసెన్స్ దరఖాస్తులో ఆ సర్టిఫికెట్ నంబరుకు ఒక గడి పెట్టి, అది నింపనిదే దరఖాస్తు ముందుకు కదలకుండా చేస్తే చాలా కేసులు పుట్టనే పుట్టవు.

ఇప్పటికే ఉన్న భవనాలను పట్టుకోవడానికీ దారి ఉంది. మన రెండు రాష్ట్రాల్లోనూ ఇంటి మీటరు కేటగిరీ-1, దుకాణం మీటరు కేటగిరీ-2. ఒకటి నుంచి రెండుకు మారిన మీటర్ల జాబితా విద్యుత్ పంపిణీ సంస్థ (డిస్కమ్) నుంచి నెలనెలా తెప్పించుకుని ప్లాన్లతో సరిచూస్తే, షట్టరు బిగించిన కొద్ది వారాల్లోనే టౌన్ ప్లానింగ్ సిబ్బంది గుమ్మంలో ఉంటారు. ఇప్పుడు ఎవరో ఫిర్యాదు చేస్తేనే కదులుతున్నారు. ఫిర్యాదుదారు చల్లబడితే ఫైలూ చల్లబడుతోంది.

– ఒక పాఠకుడు